మొదటి రెండు నిమిషాలు, తర్వాతి అరగంట

ప్రశ్న: నమస్తే సార్. మాది తణుకు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, చిన్న స్టూడియో ఉంది. 2020 చివర్లో పదో తరం ఐ5 ప్రాసెసర్‌తో సిస్టమ్ కట్టించుకున్నాను. అందులో 1 టీబీ జెన్ 3 ఎన్‌వీఎంఈ డ్రైవ్ (మదర్‌బోర్డుకే గుచ్చే ఎస్‌ఎస్‌డీ, జెన్ అంటే డేటా నడిచే దారి ఎన్నో తరమో చెప్పే అంకె) ఉంది. మొన్న ముహూర్తాల ముందు 2 టీబీ జెన్ 4 డ్రైవ్ ఇంకొకటి కొన్నాను. బాక్స్ మీద సెకనుకు 5,000 ఎంబీ అని ఉంది. ఒక పెళ్లి ఫుటేజ్ 400 జీబీ పాత డ్రైవ్ నుంచి కొత్తదానికి కాపీ పెడితే సగం రెండు నిమిషాల్లో అయిపోయింది, మిగతా సగానికి అరగంట పైనే పట్టింది. స్పీడ్ 100 ఎంబీ దగ్గర అతుక్కుపోయింది. అప్పటికి కొత్త డ్రైవ్‌లో 800 జీబీ ఖాళీ ఉంది కూడా. కెమెరా కార్డుల నుంచి కాపీ చేస్తే ఎప్పుడూ 90 దాటదు. షాపతన్ని అడిగితే ‘అది నార్మలే అన్నా’ అంటున్నాడు. మా తమ్ముడేమో జెన్ 5 తీసుకో, 14,000 వస్తుంది అంటున్నాడు. రోజూ రాత్రి పడుకునే ముందు రివ్యూలు చూస్తున్నాను. నెలకో కొత్త మోడల్ వస్తోంది. ఏది కొనాలో, ఎప్పుడు కొనాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వీటిని ఎలా ఫాలో అవ్వాలి? ఇంకో మాట: 2 టీబీ కొంటే కంప్యూటర్‌లో 1.81 అని చూపిస్తోంది. మోసపోయానా?

జవాబు: సగం రెండు నిమిషాల్లో, మిగతా సగం అరగంటలో అని రాశారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. మీరు చూసిన రివ్యూల్లో సగం ఆ సంగతి చెప్పి ఉండవు. మీరు రాసిన మోడల్ పేరు ఇక్కడ వేయడం లేదు. ఆ తరగతి డ్రైవ్‌లన్నీ ఇంచుమించు అలాగే నడుస్తాయి కాబట్టి ఒక్క కంపెనీని పట్టుకుని తిట్టడం న్యాయం కాదు.

ముందు అసలేం జరిగిందో చూద్దాం. మీ డ్రైవ్ క్యూఎల్‌సీ రకం. అంటే ఒక్కో గడిలో నాలుగు బిట్లు దాస్తుంది. ఎస్‌ఎస్‌డీలో బిట్ దాయడమంటే గడిలో కొంత విద్యుదావేశాన్ని బంధించడం. ఒక్క బిట్ చాలనుకుంటే ఉందా లేదా అని రెండే మట్టాలు చూసుకుంటే సరిపోతుంది. మూడు బిట్లు, అంటే టీఎల్‌సీ అయితే ఎనిమిది మట్టాలు. నాలుగు బిట్లయితే పదహారు. అదే గ్లాసులో పదహారు గీతలు పెట్టి, ఏ గీత దాకా పోయాలో సరిగ్గా అక్కడికే పోసి ఆపాలన్నమాట. కొంచెం పోయాలి, చూసుకోవాలి, మళ్లీ కొంచెం పోయాలి. అందుకే క్యూఎల్‌సీలో రాయడం నిదానం. చదవడం అంత నిదానం కాదు.

ఈ నిదానం కొనేవాడి కంటపడకుండా కంపెనీలు ఒక ఉపాయం చేస్తాయి. ఖాళీగా ఉన్న గడుల్లో తాత్కాలికంగా ఒక్కో బిట్ చొప్పున గబగబా రాసేస్తాయి. తర్వాత తీరిక దొరికినప్పుడు వాటిని నాలుగేసి బిట్లుగా సర్దుకుంటాయి. కాష్ అంటారు దీన్ని (గల్లాపెట్టెలో క్యాష్ కాదు లెండి). మీ గోదావరి జిల్లాల వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ధాన్యం లారీ వచ్చింది. హమాలీలు బస్తాలన్నీ ముందు అరుగు మీదకు దించేస్తారు. గోదాంలోకి మోసి వరసగా పేర్చడం తర్వాత పని. అరుగు మీద జాగా ఉన్నంతసేపూ లారీ చకచకా ఖాళీ అవుతుంది. అరుగు నిండిందా, ఇక ఒక బస్తా లోపలికి పోతే గానీ ఇంకొకటి దించడానికి చోటుండదు. లారీ అలా నిలబడాల్సిందే.

మీ లెక్క దీనికి అతికినట్టు సరిపోయింది. 800 జీబీ ఖాళీ ఉందన్నారు. నాలుగు బిట్లు పట్టే చోట ఒక్కటే రాస్తే అందులో పట్టేది నాలుగో వంతు, 200 జీబీ. సెకనుకు 2 జీబీ చొప్పున అది నిండటానికి 100 సెకన్లు, అంటే మీ రెండు నిమిషాలు. మిగిలిన 200 జీబీ సెకనుకు 100 ఎంబీ చొప్పున వెళ్తే 2,000 సెకన్లు, అంటే 33 నిమిషాలు. ఖాళీ జాగా అంతటినీ ఇలా వాడని డ్రైవ్‌లు కూడా ఉన్నాయి, కానీ మీది వాడినట్టే ఉంది. ఆ అరగంటలో మీ కొత్త ఎస్‌ఎస్‌డీ మామూలు హార్డ్ డిస్క్ కంటే వెనకబడింది. 150 ఎంబీ రాసే హార్డ్ డిస్కులు బజారులో బోలెడన్ని.

కాబట్టి షాపతను చెప్పింది నిజమే, అది నార్మలే. కాకపోతే ఆ ముక్క డబ్బులు తీసుకోకముందు చెప్పాల్సింది.

మరి రివ్యూల్లో ఇది ఎందుకు కనిపించలేదు? యూట్యూబ్‌లో చాలామంది చూపించేది డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే ప్రోగ్రామ్ స్క్రీన్‌షాట్. మీరు కూడా నడిపే ఉంటారు. ఆ ప్రోగ్రామ్‌లో ఏమీ మార్చకుండా బటన్ నొక్కితే అది రాసి చూసే ఫైలు 1 జీబీ. మీ పెళ్లి 400 జీబీ. వాళ్లు కొలిచింది అరుగు మీద మొదటి బస్తా దించిన వేగం. ఆ కొలతలో తప్పు లేదు, మీ పనికి పనికిరాదు అంతే. మంచి రివ్యూ అంటే డ్రైవ్ మొత్తం నిండేదాకా ఆపకుండా రాస్తూ వేగం ఎలా పడిపోయిందో గ్రాఫ్ గీసి చూపించేది. ఆ గ్రాఫ్ లేని రివ్యూ మీలాంటి వాళ్లకు అక్కర్లేదు. కట్టేసి పడుకోండి.

ఇక కార్డుల దగ్గరి 90. అంకె దగ్గరదగ్గరగా ఉందని రెండూ ఒకే జబ్బు అనుకుంటున్నారేమో, కాదు. పెళ్లి కెమెరాల్లో ఎక్కువగా వాడే ఎస్‌డీ కార్డులు యూహెచ్ఎస్-1 రకం. ఆ దారి గరిష్ఠ వేగమే సెకనుకు 104 ఎంబీ. అన్నీ పోగా 90 మిగులుతుంది. కొన్ని కంపెనీలు తమ సొంత రీడర్ వాడితే అంతకు మించి ఇచ్చే కార్డులు అమ్ముతాయి గానీ మామూలు రీడర్‌లో అవీ ఇంతే. 128 జీబీ కార్డు ఖాళీ కావడానికి 24 నిమిషాలు పడుతుంది. అవతల జెన్ 5 డ్రైవ్ పెట్టినా 24 నిమిషాలే. ఇది తగ్గాలంటే యూహెచ్ఎస్-2 కార్డు, దానికి తగ్గ రీడర్ రెండూ ఉండాలి. రీడర్ ఏ పోర్టుకు గుచ్చారో కూడా ఒకసారి చూడండి. క్యాబినెట్ ముందు వైపు ఉండే పోర్టుల్లో ఒకటి యూఎస్‌బీ 2.0 అయి ఉంటుంది చాలాసార్లు. దానికి గుచ్చితే 40 దాటదు. మీకు 90 వస్తోందంటే సరైన పోర్టులోనే పెడుతున్నారు.

తమ్ముడి సంగతికొద్దాం. జెన్ 5 డ్రైవ్‌లు 14,000 ఇస్తాయన్నది నిజమే. 2024లో వచ్చిన క్రూషియల్ టీ705, 2025లో వచ్చిన శాంసంగ్ 9100 ప్రో ఆ అంకెను దాటాయి. కానీ మీ పదో తరం ప్రాసెసర్‌కు తెలిసింది జెన్ 3 దారి ఒక్కటే. ఆ దారిలో నాలుగు లేన్లు కలిపినా 4,000 లోపే, చేతికొచ్చేది 3,500 దాకా. జెన్ 5 పెట్టినా 3,500 దగ్గరే ఆగుతుంది. అసలు మీరు కొన్న జెన్ 4 డ్రైవ్ 5,000 కూడా మీ సిస్టమ్‌లో ఒక్కరోజు కూడా కనిపించి ఉండదు. ఇంటెల్‌లో జెన్ 4 పదకొండో తరం నుంచి వచ్చింది. డ్రైవ్‌కు జెన్ 5 దారి ఏఎండీలో 2022లో రైజెన్ 7000తో మొదలైంది.

సరే, మదర్‌బోర్డు కూడా మార్చారనుకుందాం. మీ పనికి ఎంత వేగం కావాలో లెక్క వేద్దాం. 4కె ఫుటేజ్ సెకనుకు 100 మెగాబిట్లతో తీస్తే అది 12.5 ఎంబీ. మూడు కెమెరాలు, ఒక డ్రోన్ కలిపి మల్టీకామ్‌లో ఒకేసారి ఆడించినా 50 ఎంబీ. బాగా బరువైన ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే రకం), 600 మెగాబిట్లు అనుకున్నా ఒక్కోటి 75, నాలుగు కలిపితే 300. పాతకాలపు సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌లా కేబుల్‌తో తగిలించేది) 550 చదువుతుంది. మీ టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందంటే అది డిస్క్ తప్పు కాదు. కెమెరా హెచ్.265 4:2:2 10-బిట్ ఫైళ్లు (రంగుల వివరాలు ఎక్కువ ఉంచి గట్టిగా కుదించినవి) ఇస్తూ ఉండొచ్చు. వాటిని విప్పే హార్డ్‌వేర్ మీ పదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో లేదు, పదకొండో తరం నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఉంది. ఎడిటింగ్‌కు ఎడియస్ వాడినా ప్రీమియర్ వాడినా ఇదే కథ. జెన్ 5కి పెట్టాలనుకున్న డబ్బు దాచి ప్రాసెసర్, బోర్డు మార్చుకోండి. రెండరింగ్ సమయం తగ్గడం మీ కళ్లతో చూస్తారు. తమ్ముడికి కోపం వస్తే నా పేరు చెప్పండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వీటిని ఎలా ఫాలో అవ్వాలన్నది. నా సలహా, ఫాలో అవ్వకండి. ఊరికే అనడం లేదు. ఒకప్పుడు నేను కూడా ఎక్సెల్ షీట్ పెట్టి ప్రతి కొత్త డ్రైవ్ పేరు, కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్), వేగం, ధర ఎక్కించేవాణ్ణి. నాలుగేళ్లలో దాదాపు రెండు వందల వరసలు అయ్యాయి. ఆ నాలుగేళ్లలో కొన్నది రెండే డ్రైవ్‌లు. ఆ రెండూ కొనేటప్పుడు షీట్ తెరవలేదు, అప్పటికి అందులో వివరాలు పాతబడిపోయాయి.

నెలకో మోడల్ వస్తుంది గానీ నిజంగా కొత్తదనేది కొన్నేళ్లకోసారి వస్తుంది. సాటా మూడో తరం 2009లో వచ్చింది. ఎన్‌వీఎంఈ ప్రమాణం మొదటి రూపం 2011లో. జెన్ 4 డ్రైవ్‌లు 2019లో, జెన్ 5 డ్రైవ్‌లు మామూలు కొనుగోలుదారుల దాకా 2023లో. మధ్యలో వచ్చేవన్నీ అదే వంటకు పోపు మార్చడమే. ఈ ఎదుగుదల కూడా ఎక్కువగా బాక్స్ మీద వేసే అంకెలోనే ఉంది.

కంప్యూటర్ చురుగ్గా ఉంది అని మనకనిపించేది ఇంకో అంకె వల్ల. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో అన్నిటికన్నా కింది వరస చూడండి, ర్యాండమ్ 4కె, క్యూ1 టీ1 అని ఉంటుంది (ఈ 4కె మీ వీడియో 4కె కాదు, నాలుగు కిలోబైట్ల ముక్కలు). బజారు నుంచి బియ్యం బస్తా ఒక్కసారి తేవడం వేరు. జీలకర్ర, ఇంగువ, అగ్గిపెట్టె అని వంద పొట్లాలు ఒక్కోదానికి ఒక్కోసారి వెళ్లి తేవడం వేరు. విండోస్ తెరవడం, సాఫ్ట్‌వేర్ లోడ్ కావడం, వేల థంబ్‌నెయిళ్లు కనిపించడం, ఇవన్నీ ఎక్కువగా రెండో రకం పనులు. ఇక్కడ హార్డ్ డిస్క్ ఒక ఎంబీ కూడా దాటదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 35 నుంచి 50 చదువుతుంది. మంచి ఎన్‌వీఎంఈ 60 నుంచి 90. హార్డ్ డిస్క్ నుంచి ఏ చవక ఎస్‌ఎస్‌డీకి మారినా నలభై యాభై రెట్లు తేడా వస్తే, అక్కడి నుంచి ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీకి వెళ్లినా రెండింతల దగ్గరే ఆగుతుంది. మీ స్టూడియోలో బిల్లులు రాసే పాత కంప్యూటర్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, ముందు దానికి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి. దాని వల్ల వచ్చే సుఖం జెన్ 5 ఇవ్వదు.

ఈ కింది వరస అంకెను నిజంగా పెంచింది ఒక్క ఇంటెల్ ఆప్టేన్, ఫ్లాష్ (ఎస్‌ఎస్‌డీల్లో బిట్లు దాచే గడుల చిప్పులు) బదులు వేరే రకం మెమరీతో చేసిన డ్రైవ్. మామూలు ఎస్‌ఎస్‌డీల కంటే రెండు మూడింతలు ఎక్కువ ఇచ్చేది. కానీ బాక్స్ మీద పెద్ద అంకె లేదు, ధర చూస్తే మండిపోయేది. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారానికే స్వస్తి చెప్పింది. నాకు ఇప్పటికీ దాని మీద జాలి.

బాక్స్ అంకెను నమ్మి దెబ్బతినడం ఈనాటి కథ కూడా కాదు. 2008, 2009 ప్రాంతంలో చవకగా వచ్చిన ఎస్‌ఎస్‌డీలు కొన్ని పెద్ద ఫైళ్లు బ్రహ్మాండంగా రాసేవి. చిన్న ఫైళ్లు రాయబోతే మాత్రం కంప్యూటర్ అర సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బిగుసుకుపోయేది. దాన్ని కొలిచి, ఎందుకు అలా అవుతోందో సామాన్యులకు అర్థమయ్యేలా రాసినవాడు ఆనంద్ లాల్ షింపీ. 1997లో పద్నాలుగేళ్ల కుర్రాడిగా ఆనంద్‌టెక్ అనే సైట్ మొదలుపెట్టాడు. ఎస్‌ఎస్‌డీని ఎలా పరీక్షించాలో చాలామందికి నేర్పింది ఆ సైటే. 2024 ఆగస్టులో అది మూతపడింది. ఇప్పుడు చూడదగ్గవి అంటే డ్రైవ్ నిండేదాకా రాసిన గ్రాఫ్‌ల కోసం టామ్స్ హార్డ్‌వేర్, ఏ డ్రైవ్‌లో ఏ కంట్రోలర్, ఏ ఫ్లాష్ ఉందో చూసుకోవడానికి టెక్‌పవర్‌అప్ వాళ్ల ఎస్‌ఎస్‌డీ జాబితా. ఈ రెండూ చాలు. అవి కూడా కొనాలని నిర్ణయించుకున్న వారంలో తెరవండి, మిగతా రోజుల్లో వద్దు.

ఆ వారంలో ఒకటి మర్చిపోవద్దు. రివ్యూ తేదీ చూడండి. 2021లో పేరున్న కంపెనీలే కొన్ని, అదే పేరు, అదే బాక్స్ ఉంచి లోపల ఫ్లాష్‌నో కంట్రోలర్‌నో మార్చేశాయి. ఒకచోట టీఎల్‌సీ తీసి క్యూఎల్‌సీ పెట్టారు. రివ్యూ పాతది, సరుకు కొత్తది. గొడవ బయటపడ్డాక కొందరు ఇకనుంచి చెప్పి మారుస్తామన్నారు. అయినా రెండేళ్ల నాటి రివ్యూ పట్టుకుని షాపుకు వెళ్లకండి.

ఫ్లాష్ రకం బాక్స్ మీద రాయకపోతే కనిపెట్టడానికి ఒక నాటు చిట్కా ఉంది. వారంటీ వివరాల్లో టీబీడబ్ల్యూ అనే అంకె ఉంటుంది. డ్రైవ్ మీద మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ నడుస్తుందన్నది ఆ అంకె. ప్రతి 1 టీబీ సైజుకు ఇది 600 దగ్గర ఉంటే సాధారణంగా టీఎల్‌సీ. 200 నుంచి 400 మధ్య ఉంటే క్యూఎల్‌సీ అయ్యే అవకాశం ఎక్కువ. ఉదాహరణకు శాంసంగ్ 990 ప్రో 2 టీబీకి 1,200. మీ తరగతి 2 టీబీ డ్రైవ్‌లకు 440 ఉంటుంది. ఆ అంకె చూసి డ్రైవ్ అరిగిపోతుందని భయపడకండి. పెళ్లికి 400 జీబీ కాపీ, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలిక కాపీలు), రెండర్లు కలిపి 600 జీబీ రాశారనుకోండి. ఏడాదికి అరవై పెళ్లిళ్లు చేసినా 36 టీబీ. 440 అవ్వడానికి పన్నెండేళ్లు పడుతుంది. ముహూర్తాలు దండిగా ఉన్న ఏడాదిలో కూడా మీరు దాన్ని అరగదీయలేరు.

కాబట్టి కొత్త డ్రైవ్‌ను అమ్మేయాల్సిన పని లేదు, దాని చోటు మార్చండి చాలు. మీ పాత జెన్ 3 డ్రైవ్ ఇంచుమించు ఖచ్చితంగా టీఎల్‌సీ. మీరు రాసిన మోడల్ అలాంటిదే. కార్డుల నుంచి దించుకోవడం, ఎడిటింగ్ దాని మీద జరగనివ్వండి. పని అయిపోయిన పెళ్లిని రాత్రి ఇంటికి వెళ్లేముందు కొత్తదానికి కాపీ పెట్టి వదిలేయండి. అరగంటేం ఖర్మ, రాత్రంతా తీసుకోనివ్వండి. కాపీ అవ్వగానే సిస్టమ్ ఆపకుండా కాసేపు ఉంచితే అది లోపల బస్తాలు సర్దుకుంటుంది. మళ్లీ పెద్ద కాపీ పెట్టేసరికి అరుగు ఖాళీగా ఉంటుంది. డ్రైవ్‌లో కనీసం ఐదో వంతు ఖాళీ ఉంచండి. నిండేకొద్దీ అరుగు చిన్నదైపోతుంది. ఏదైనా కొనాల్సి వస్తే 2 టీబీ టీఎల్‌సీ డ్రైవ్ కొనండి, జెన్ 4 చాలు. రేపు బోర్డు మార్చినా పనికొస్తుంది. ధర తగ్గేదాకా ఆగుదామనుకోవద్దు. ఫ్లాష్ ధరలు 2023లో అడుగంటాయి, తర్వాత పెరిగాయి. ఆ మెట్ట పల్లాలను పట్టుకోవాలని చూస్తే ఎప్పటికీ కొనరు.

ఎండాకాలం సంగతి ఒకటి. ఎన్‌వీఎంఈ కంట్రోలర్ 80 డిగ్రీల ప్రాంతానికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు కిందున్న స్లాట్‌లో డ్రైవ్ పెడితే అక్కడికి చేరడం పెద్ద కష్టం కాదు. బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ బిగించండి. దాని అడుగున మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. దాన్ని పీకకుండానే బిగించేసిన సిస్టమ్‌లు నేను ఎన్ని చూశానో. ఒకటి నాదే.

మీరు అడగలేదు గానీ నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేసి చెప్పిపోతుంది. ఎస్‌ఎస్‌డీ మాట్లాడదు. రాత్రి బాగానే ఉంటుంది, పొద్దున్నే బయోస్‌లో కూడా కనిపించదు. నాకు అలా ఒకటి పోయింది, నాలుగు నెలల జీఎస్టీ బిల్లులు దానితోపాటే పోయాయి. మా ఆడిటర్ ముఖం నాకు ఇంకా గుర్తుంది. 2019 నవంబరులో హెచ్‌పీఈ అనే సర్వర్ల కంపెనీ తన వినియోగదారులకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, డేటా తిరిగి రాదని. పదిహేను రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే సంఖ్య అది. మూడేళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకేరోజు కొని ఒకేరోజు బిగించిన డ్రైవ్‌లు ఒకేసారి పోతాయన్నమాట. ఒకటి పోతే ఇంకొకటి ఉందిలే అనుకున్నవాళ్ల పరిస్థితి ఊహించండి. తప్పు ఫర్మ్‌వేర్‌లో, అంటే డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దానికి అప్‌డేట్ ఇచ్చారు. ఆరునెలలకోసారి మీ డ్రైవ్ కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ తెరిచి అప్‌డేట్ ఉందేమో చూడండి. నిజంగా ఫాలో అవ్వాల్సింది ఏదైనా ఉంటే అది ఇదే, కొత్త మోడళ్ల పేర్లు కాదు. అప్‌డేట్ చేసేముందు బ్యాకప్ తీసుకోండి.

బ్యాకప్ అంటే, ఆల్బమ్, వీడియో డెలివరీ అయ్యేదాకా ప్రతి పెళ్లీ రెండు చోట్ల ఉండాలి. ఆ రెండో కాపీ అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. ఫుటేజ్ పోయిందని మళ్లీ తాళి కట్టించలేం కదా. ఆ రెండో కాపీకి పెద్ద హార్డ్ డిస్క్ వాడండి. 400 జీబీకి ముప్పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. పాత పెళ్లిళ్లను ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టే అలవాటు మీ వృత్తిలో ఈమధ్య చూస్తున్నాను. వద్దు. గడుల్లో బంధించిన ఆ విద్యుదావేశం కరెంటు లేకపోతే మెల్లమెల్లగా కారిపోతుంది. మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, రాత పరిమితి అంతా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలుపుకుంటే చాలు. కొత్త డ్రైవ్ ఇంకా ఎక్కువకాలమే ఆగుతుంది గానీ, వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన బీరువాలు ఎండాకాలంలో 30 దగ్గర ఉండవు.

ఆన్‌లైన్‌లో రెండు వేలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే అటు చూడకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, విండోస్‌కు 16 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు.

చివరికి మీ 1.81. కంపెనీ దృష్టిలో 2 టీబీ అంటే రెండు లక్షల కోట్ల బైట్లు, వెయ్యి చొప్పున లెక్క. విండోస్ మాత్రం 1,024 చొప్పున భాగించి చూస్తుంది. నాలుగుసార్లు అలా భాగిస్తే 1.81 వస్తుంది, పేరు మాత్రం టీబీ అనే వేస్తుంది. మీ సరుకు మొత్తం మీకు ముట్టింది. ఈ విషయంలో షాపతన్ని ఏమీ అనకండి.